చారలు ఎక్కడివి

"ఈ చారలకు ప్రేరణ ఎవరు?" అని నా వస్త్రం చూస్తూ న్యాయనిర్ణేత అడిగింది.

వందేళ్ల కిందటి ఒక మహాచిత్రకారుడి పేరు చెప్పాను. డిజైన్ కాలేజీలో అందరూ అలాంటి పేర్లే చెబుతారు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి నాకే వచ్చింది.

ఇళ్లకు రంగులేసే నాన్న వేదిక దగ్గరికొచ్చి, నా వస్త్రం మీది చారల్ని వేలితో తడిమాడు.

"అచ్చం మన వెనకగది తలుపేనమ్మా! పని నుంచొచ్చి బ్రష్షులు తుడుస్తానే, ఆ తలుపు."

ఆ తలుపునే ఫొటో తీసి బట్ట మీద అచ్చు వేయించానని చెప్పాలి. కానీ న్యాయనిర్ణేత పక్కనే ఉంది.

నాన్న మొహం వెలిగిపోయింది. "తలుపు పాడుచేశానని మీ అమ్మ ఇన్నేళ్లూ ఊరికే సాధించింది. నువ్వు చెప్పిన అంత గొప్పాయన కూడా బ్రష్షు తలుపుకే తుడిచేవాడన్నమాట!"

"అవును నాన్నా" అన్నాను.