పొగపెట్టె

ఆ ఆదివారం, ఇనుప సీకులకు మాంసం గుచ్చి కాల్చి అమ్మే కొండల్ దుకాణంలో నాలుగు బల్లలూ ఖాళీగా ఉన్నాయి.

జనగామ స్టేషన్ రోడ్డులో ఆ దుకాణం పెట్టి పద్నాలుగేళ్లు. ఈ 1983 దాకా ఎన్నడూ ఇలా జరగలేదు.

"జనం ఏడ పోయిన్రే?" అని భార్య విమలను అడిగాడు.

"పక్కింట్ల కిరాయికొచ్చిన ముసలాయన మాంసం పంచుతున్నడట. అందరు గాడనే ఉన్నరు."

కొండల్ గోడ మీదుగా తొంగి చూశాడు.

వసారాలో నిలువెత్తు ఇనుప పెట్టె. అడుగున కరెంటు హీటరు, దాని మీద రేకులో తుమ్మచెక్క ముక్కలు, పైన కొక్కేలకు వేలాడుతున్న మేకమాంసం. మంట లేదు. సన్నటి పొగ మాత్రం వస్తోంది.

ముసలాయన పేరు యాకయ్య. బొంబాయి హోటళ్లలో వండి వండి వచ్చాడట. నా అన్నవాళ్లు లేరు. పొద్దున మాంసం వేలాడదీస్తే సాయంత్రం దాకా ఆ పెట్టె పక్కనే. ఓల్టేజీ పడితే చెయ్యి ఆనించి వేడి చూసుకునేవాడు. కరెంటు పోతే గోనెసంచులు కప్పేవాడు.

"రా కొండలూ," అంటూ ఆకులో ఒక ముక్క పెట్టాడు.

వంక పెడదామనే నోట్లో వేసుకున్నాడు కొండల్. వంక దొరకలేదు. ముక్క గొంతు దిగింది. కడుపులో మంట లేచింది.

"అమ్ముతవా గిది?"

"నీ దుకాణం పక్కన నేను అమ్ముడేంది? ఊకనే పెడుతున్న. మీ అవ్వ కురవి నుంచి ఎన్నడొస్తది?"

కొండల్ చెల్లెలి పురుడుకని తల్లి అక్కడికి వెళ్లి నెల దాటింది.

"మా అవ్వతోని నీకేం పని?"

యాకయ్య నవ్వి ఆకులో ఇంకో ముక్క పెట్టాడు.

మరుసటి ఆదివారం పాత గిరాకీ ఒకాయన, బోర్డు మీది అక్షరాలు చదువుతూ అన్నాడు.

"'మా బాపు చేతి రుచి' అని రాసుకున్నవు గని కొండలూ, పక్కాయన ముక్క ముందట ఇదెంత?"

తనను ఏమన్నా పడేవాడే. కాలం చేసిన బాపును అన్నట్టయింది. కొండల్‌కు ఆ పూట అన్నం సహించలేదు.

నేరుగా యాకయ్య ఉండే ఇంటి యజమానురాలు కమలాదేవి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఆ పెట్టెతోని మీ ఇంట్ల వైర్లు కాలుతున్నయ్. ఎన్నడో ఇల్లు అంటుకుంటది."

అబద్ధం. యాకయ్య వేరే మందపాటి వైరు లాగించుకోవడం తను కళ్లారా చూశాడు.

కమలాదేవి భయపడింది. రెండు రోజుల్లో ఖాళీ చెయ్యమంది.

పోయేముందు యాకయ్య పెట్టెను రిక్షాలో వేసుకుని దుకాణానికే తెచ్చాడు. గొంతులో కోపం లేదు.

"వైర్లు మంచిగనే ఉన్నయ్. నీకు గూడ ఎరుకే. పెట్టె నువ్వుంచుకో కొండలూ. గీ పని నీకు నేర్పుదామనే వచ్చిన."

"నాకు నేర్పెటోనివా నువ్వు? మా బాపు నేర్పిండు, గది చాలు!"

యాకయ్య ఏదో అనబోయాడు. తలెత్తి బోర్డు వంక చూశాడు.

"మంచిది బిడ్డా," అని మూట భుజాన వేసుకుని నడిచాడు. ఏ బస్సెక్కాడో ఎవరూ చూడలేదు.

పొగబెట్టి పంపేశానని కొండల్ లోలోపల మురిసిపోయాడు.

నాలుగో రోజు అవ్వ గట్టమ్మ వచ్చింది. పెట్టెలో మిగిలిన ముక్కను విమల పళ్లెంలో పెట్టింది. అవ్వ నములుతూ నములుతూ ఆగిపోయింది.

"గిది ఎవలి చెయ్యి?"

"యాకయ్య అని ఒక ముసలోడు. పక్కింట్ల ఉండె. నేనే ఎల్లగొట్టిన."

"ఎటు పోయిండు?"

"ఏమో, ఎరుకలే."

గట్టమ్మ పళ్లెం పక్కన పెట్టి గోడకు ఒరిగింది.

"అరువై తొమ్మిది తెలంగాణ గలాటల మీ బాపును జైల్ల ఏసిన్రు. నువ్వు నర్మెట్టల అమ్మమ్మ కాడ ఉంటివి. అప్పటికి మనది ఛాయ్ బండే. నాకింత బువ్వ దొరకాలని గా బండి మీద బొగ్గులు పోసి సీకులు కాల్చినోడు ఇంకొకడు."

"మరి మా బాపు?"

"మీ బాపుకు ఛాయ్ కాసుడు తప్ప ఏమొచ్చు కొడుకా? జైలు నుంచి వచ్చినంక చెయ్యి పట్టి నేర్పి, బండి ఆయనకే ఇడిసి బొంబాయి పోయింది గా యాకయ్యనే."