ఇనుప ఎలుగుబంటి

ఏ జంతువు కార్డుకైనా చీటీ అంటిస్తే రాక్షసి అయిపోయే ఆట అది. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ జంపక్క తొండి చేస్తోందని అడవి పక్క ఊరి చిరంజీవికి అనుమానం.

బల్ల మీది ఎలుగుబంటి కార్డు చూసి, "బాణమేస్త," అని పాచికలు వేశాడు.

ఆమె కార్డుకి 'ఇనుప తోలు' చీటీ అంటించింది. "దిగదు."

"మంటబెడ్త."

'నీటి ఒళ్లు' చీటీ అంటించింది. "ఆరిపోతది."

"గిదేం ఆట? నేనేం జేసినా ఓ చీటీ తీస్తవు!"

"ఒంట్ల ఇనుమూ నీళ్లూ ఉన్నదాన్ని ఏది సంపుతది? ఆలోచించు."

"కరెంటు! ఇప్పచెట్టు చుట్టూ తీగ గుంజుత. పువ్వు తిననీకొచ్చి సస్తది," అన్నాడు, గెలిచిన ఉత్సాహంతో.

జంపక్క కార్డు తిప్పింది. వెనక, మొన్న వాగులో చచ్చి దొరికిన ఎలుగుబంటి ఫోటో. కాళ్ల మీద కరెంటు తీగ కాల్చిన గీతలు.

"ఏ ఇప్పచెట్టు, చిరంజీవీ?"