అడగకుండా మొదలయ్యేవి

“నా ఇంట్లోకి ఎవరు తొంగి చూస్తున్నారో తెలుసా ఆర్వో? నా కూతురు! నేను కన్న కూతురు!”

ఐలీ లాప్‌టాప్‌ను వంటింటి బల్ల మీద ధన్‌మని పెట్టింది. కాఫీ కప్పు ఎగిరిపడింది. ఆర్వో కప్పు పట్టుకుని, రెండో చేత్తో కళ్ళజోడు వెతుక్కున్నాడు. అతను ఐలీ భర్తకు చిన్ననాటి స్నేహితుడు. భర్త పోయాక ఆ ఇంట్లో పాడైన ప్రతి వస్తువూ అతని చేతికే వస్తోంది.

“తైనా ఏం చేసింది వదినా?”

“క్రిస్మస్‌కి వచ్చినప్పుడు, పాత విండోస్ ఇక పనికిరాదంటూ దీనికి లినక్స్ ఎక్కించి వెళ్ళింది. మంచిదే అనుకున్నా. దాంతోపాటు ఇంకోటి కూడా పెట్టి వెళ్ళింది. నేను ఇది తెరవగానే అక్కడ విన్నిపెగ్‌లో దానికి నా తెరంతా కనబడుతుందట! ఇదుగో, పైన మూల, నారింజ రంగు బొమ్మ. ఇది వెలుగుతుంటే ఎవరో చూస్తున్నట్టేనట. ఒకాయన చెబితే గాని నాకు తెలీలేదు.”

ఆర్వో ముఖం ఎర్రబడింది. రేవులో ధాన్యం గోదాముల కంప్యూటర్లు చూసి రిటైరైన మనిషి అతను. యంత్రం తనకు చెప్పకుండా ఏ పని చేసినా ఒళ్ళు మండుతుంది.

“నిన్ను అడక్కుండానే పెట్టేసిందా?”

“చెప్పే పెట్టిందట. నేనే మర్చిపోయానట. పోయిన చలికాలం ఏదో చిన్న పొరపాటు చేశాలే. అప్పట్నించీ దానికి నేను చంటిపిల్లని!”

“ఏం పొరపాటు?”

“ఏదోలే.”

ఆర్వో మళ్ళీ అడగలేదు. థండర్ బే ఊళ్ళో స్థిరపడ్డ ఫిన్నిష్ వాళ్ళ ఇళ్ళల్లో రెండోసారి అడగడమంటే ఎదుటివాళ్ళ జేబులో చెయ్యి పెట్టడమే.

కంప్యూటర్ మేలుకోగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాముల వరస తెరిచాడు.

“చూడు, ఎంత సంతో! ప్రింటర్‌ని కనిపెట్టుకుని ఉండేదట ఇది. నీకు ప్రింటర్ ఉందా?”

“చర్చికి ఇచ్చేశా.”

“అయితే దీన్ని తీసేస్తున్నా. బ్లూటూత్?”

“అదేంటి?”

“అదేంటో తెలీదంటే అదీ అక్కర్లేదు. మంచు మీద ఆడే ఆ కర్లింగ్ ఆట క్లబ్బు కబుర్లది?”

“క్లబ్బులో ఆ హిల్కా రోజూ పెట్టే మనవళ్ళ ఫొటోలు చూడలేక చస్తున్నా. పీకెయ్.”

టిక్కులు ఒక్కొక్కటీ పోతున్నాయి. ఆర్వో గొంతు హెచ్చుతోంది.

“అవసరం లేనిది ఏదీ దానంతట అది మొదలవకూడదు వదినా. ఒక్కోటీ తెరిచి పెట్టిన కిటికీ. మైనస్ ముప్పైలో కిటికీ తెరుచుకుని పడుకుంటావా?”

అట్టడుగున ఉంది, తెర చూపించేది.

“దీన్ని నీ చేత్తో నువ్వే తియ్యి.”

ఐలీ దోమను చంపినట్టు నొక్కింది. అప్పటికే నడుస్తున్నదాన్ని ఆర్వో ఆపేశాడు. నారింజ బొమ్మ ఆరిపోయింది.

నిమిషం కాకముందే ఐలీ సెల్ మోగింది.

“అమ్మా, నీ తెర పోయిందేం? ఏం చేశావ్?”

“నా తెర నీకెందుకే? నేను ఏం చదువుతున్నానో, ఏం కొంటున్నానో అన్నీ నీకు కావాలా?”

“అది తీసెయ్యమని నీకెవరు చెప్పారు? నిజం చెప్పమ్మా. ఎవరు?”

“నా ఇల్లు. నా కంప్యూటరు. నాకు ఒకరు చెప్పాలా?”

“నేను బయల్దేరి వస్తున్నా.”

“రా. ఎనిమిది గంటలు మంచులో కారు తోలుకుంటూ రా. తలుపు తియ్యను!”

ఆర్వో ఫోన్ లాక్కున్నాడు. “తైనా, నేను ఆర్వోని. సిగ్గుండక్కర్లా? మీ నాన్న ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు.”

“బాబాయ్, మీకు తెలీదు, దయచేసి ఒక్క మాట...”

ఐలీ ఫోన్ తీసుకుని కట్ చేసింది.

వెళ్ళేటప్పుడు ఆర్వో చేతిలో సగం యాలకుల రొట్టె పెట్టింది. అతను గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఇంకా బుసలు కొడుతూనే ఉన్నాడు.

“ఇప్పుడు నీ కంప్యూటర్ నీది వదినా. ఎవడూ వేలు పెట్టలేడు.”

తలుపు మూసి వచ్చి ఐలీ లాప్‌టాప్‌ను ఆపి, మళ్ళీ వేసింది. ఏదీ దానంతట అది లేవలేదు. మూల బొమ్మ లేదు. బల్ల మీద సెల్‌లో తైనా పేరు వెలిగి ఆరుతోంది. దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. ఎన్నాళ్ళకో తన ఇంట్లో తాను ఒక్కతే ఉన్నట్టనిపించింది.

గోడకున్న పాత ఫోన్ తీసి, కంఠతా వచ్చిన నంబరు నొక్కింది.

“బ్యాంకు భద్రతా విభాగం సారేనా? మీరు చెప్పినట్టే అంతా తీయించేశాను, మా అమ్మాయికి ఇంక ఏమీ కనబడదు, ఇప్పుడు చెప్పండి, కార్డు మీద అంకెలు ముందువైపువి చదవనా, వెనకవైపువి చదవనా?”