పద్దెనిమిదోసారి

“ఆపు! తప్పు. మళ్లీ మొదటినుంచి పాడు.”

బసవపున్నయ్య హార్మోనియం మీద అరచేత్తో చరిచాడు. జమ్లి నోట్లో మాట సగంలోనే ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఇది పదిహేడోసారి.

“ఏడ తప్పింది సారూ?”

“అది కూడా నేనే చెప్పాలా? బొగ్గు దుమ్ము మింగిన గొంతుకి సంగీతం ఏం తెలుస్తది? పాడు.”

మణుగూరు కమ్యూనిటీ హాల్లో మిగతా నటులు తలలు దించుకున్నారు. పద్దెనిమిదోసారి పాడింది జమ్లి. ఆయన శ్రుతి ఒక్కటే పట్టుకుని, కళ్లు చిట్లించి కూర్చున్నాడు. ఆమె పాటకు తోడు వాయించడం కూడా నామోషీ అన్నట్టు.

ఒకప్పుడు బసవపున్నయ్య బాణీలు కట్టిన నాటకమంటే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా జనం లారీలెక్కి వచ్చేవారు. తర్వాత కట్టినవి మూడూ వరసగా పోయాయి. ఆఖరిదానికైతే సత్తుపల్లిలో రెండో అంకంలోనే కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆరేళ్లుగా ఆయన్ను పిలిచినవాడు లేడు. గని కార్మికుల నాటక సమాజం ఆయన పాత నాటకం ‘పర్ణశాల పడవ’ను మళ్లీ వేయాలనుకుంది. సెక్రటరీ చందర్ స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చాడు. భద్రాచలంలో ప్రదర్శన ఎల్లుండే.

ఆ పాటలకు రికార్డు లేదు, రాతప్రతి లేదు. ముప్పై ఏళ్ల కిందట ఆ నాటకంలో వంత పాడిన దేవ్‌సింగ్, చనిపోయే ముందు కూతురు జమ్లిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాడు. అందుకే బసవపున్నయ్య “తప్పు” అన్నప్పుడల్లా తండ్రిని తిట్టినట్టుండేది ఆమెకు.

“పెద్దాయన, జర ఓర్చుకో చెల్లే,” అన్నాడు చందర్.

“పదిరోజులు ఓర్చుకున్న అన్నా. తండా పిల్ల తన పాట పాడుడు ఆయనకు ఇష్టం లేదు. అవ్, గదే సంగతి.”

సాయంత్రం ఆమె నేరుగా ఆయన దిగిన గెస్ట్‌హౌస్‌కి వెళ్లింది. బసవపున్నయ్య ఒక్కడే ఉన్నాడు.

“ఎవరు రమ్మన్నారు నిన్ను?”

“చెప్పిపోదామని వచ్చిన. ఎల్లుండి నేను పాడ.”

“పొగరా?”

“పొగరే! మా నాయన మీ పాట కోసం డ్యూటీలు ఎగ్గొట్టిండు. చచ్చేదాక మీ పేరే తలుచుకున్నడు. ఆయన నేర్పింది తప్పయితే, అసలుది మీరు వాయించుండ్రి. ఒక్కసారి.”

ఆయన ఆమెను కోపంగా చూశాడు. తర్వాత హార్మోనియం దగ్గరికి లాక్కున్నాడు. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఎక్కడా తడబడకుండా వాయించాడు.

జమ్లి ఒళ్లు మండిపోయింది.

“ఇది నేను పాడిందే గదా! అచ్చం గదే! ఇందుల తప్పేడుంది?”

“లేదు.”

“మరి నలుగుర్ల నన్ను గట్ల తిట్టుడేంది? పదిరోజులు మళ్లీ మళ్లీ ఎందుకు పాడిచ్చిండ్రు?”

ఆయన చేతులు హార్మోనియం మెట్ల మీంచి జారిపోయాయి.

“మళ్లీ నేర్చుకుందామని, తల్లీ.”