నేర్పిన జవాబు

తిరువళ్ళూరు కోర్టులో జడ్జిగారు ఏడేళ్ల తనుశ్రీకి కోమలను చూపించి, "ఈమె నీకేమౌతుంది?" అని అడిగారు.

"చిన్నమ్మ," అంది తనుశ్రీ తడుముకోకుండా.

అమ్మానాన్నలు బస్సు ప్రమాదంలో పోయిన ఆ పాపకు, చిన్నమ్మకన్నా పెదనాన్నే తగిన సంరక్షకుడని కోర్టు తేల్చింది.

వరండాలో కోమల పాప జడ సరిచేసింది. తనుశ్రీని కన్నది కోమలే. పిల్లల్లేని అక్కకు ఇద్దామని, దత్తతకు కాగితాలెందుకులే అనుకొని, ఆస్పత్రిలో తల్లి పేరు అడిగితే అక్క పేరే చెప్పింది. ఇప్పుడా నిజం బయటపెడితే పాప తన దగ్గరే ఉంటుంది. పొదటూరుపేటలో అక్క ఇల్లు, మగ్గాలు మాత్రం పాపకు రావు. అందుకే నోరు విప్పలేదు.

తనుశ్రీ కొంగు లాగింది. "ఎవురడిగినా అట్లే చెప్పాలంటివి గదా చిన్నమ్మా, సరిగ్గా చెప్పినానా?"

"సరిగ్గానే చెప్పినావు," అని కోమల పాప చేతిని పెదనాన్న చేతిలో పెట్టింది.