పీకని సాళ్లు

“ఆగమ్మా! వాటిని పీకొద్దు!”

వంగి మొక్కజొన్న మొక్కలు పీకుతున్న సంతోషమ్మ తలెత్తి చూసింది. పులివెందుల బస్సు దిగిన ముసలాయనెవరో గొడుగు ఊపుకుంటూ చేలోకి వస్తున్నాడు.

“ఎవురప్పా నువ్వు? నా చేను, నా ఇష్టం.”

నిజానికి చేను నారాయణది. ఆమెది కౌలు. ఈసారి పంట దండిగా రాకపోతే చేను వెనక్కి తీసుకుని చీనీ పండ్ల మొక్కలు నాటుకుంటానని ఆయన తెగేసి చెప్పాడు.

అందుకే కూతురు తబితా వ్యవసాయ ఆఫీసు నుంచి కొత్త విత్తనం తెచ్చి ఒత్తుగా వేసింది. ఆ పిల్ల ప్రొద్దుటూరులో బట్టల అంగడి పనికి పోగానే తల్లి చేలోకి దిగింది. మోకాలెత్తు మొక్కల్లో ఒకటి విడిచి ఒకటి పీకుతూ, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగం చేను పలచన చేసేసింది.

“మూరెడు ఎడం లేకుంటే కంకి యాడ పడతాది? మా నాయన కాడ్నించి ఇట్లే చేస్తాండాం.”

“అది పాత రకానికమ్మా. దీని ఆకు చూడు, నిటారుగా నిలబడింది. కింది ఆకుకూ, పక్క మొక్కకూ ఎండ వదులుతుంది. ఇరుకులో బతకడానికే దీన్ని ఇలా మార్చారు. చెట్టుకు కంకి మాత్రం ఎప్పటిలాగే ఒకటి. చెట్లు తగ్గితే పంట తగ్గినట్టే.”

ఆయన గట్టు వెంబడి ఉన్న వేరే మొక్కల వైపు చెయ్యి చాపాడు. సంతోషమ్మ ఏటా గింజ దాచుకుని వేసుకునే పాత రకం అది.

“దాని ఆకులు వాలిపోయి పక్కదానికి ఎండ తగలనివ్వవు. ఒత్తుగా వేస్తే కంకే వేయదు. అన్నీ లోపాలే. దాని కాలం అయిపోయిందమ్మా.”

సంతోషమ్మకు ఒళ్లు మండింది.

“నోరు మూసుకో! కరువులో మా ఇంటికి కూడు పెట్టిన గింజ అది. దాన్ని పుట్టించిన మహానుభావుని కాలిగోటికి సాలవు నువ్వు!”

ముసలాయన ముఖం అదోలా అయింది.

“ఆయనే వచ్చి చెబితే వింటావా?”

“ఆయనొస్తే ఇంటా. నువ్వెవురు చెప్పేకి?”

పీకని సాళ్ల ముందు గొడుగు వేసుకుని చతికిలబడ్డాడు.

“మిగతా సగం పీకాలంటే నన్ను తొక్కుకుంటూ పో.”

“కూర్చో! ఎండకు మాడి నువ్వే లేస్తావు!”

లేవలేదు. ఆమె తిట్టింది, బెదిరించింది, చివరికి విసురుగా చెంబుడు నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. అయినా కదల్లేదు.

“ఏం మొండోడివప్పా! పీకన్లే, పో” అని పొద్దు వాలాక ఆమె మాటిచ్చాకే లేచాడు. పోతూ పోతూ గట్టు మీది పాత మొక్క ఆకును ఒకసారి నిమిరాడు.

కోతలొచ్చాయి. పలచన చేసిన సగంలోనూ, పీకని సగంలోనూ చెట్టుకు ఒక్కో కంకే. పీకని వైపు చెట్లు రెట్టింపు, రాశీ రెట్టింపు. పైగా కంకులు ఎండినా ఆకు పచ్చగానే ఉండి గొడ్లకు మేతయింది.

నారాయణ రాశి చుట్టూ తిరిగి చూసి, “వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్” అన్నాడు.

చేను నిలిచిందన్న సంతోషం కన్నా సంతోషమ్మకు సిగ్గే ఎక్కువైంది. మంచి కంకులు ఏరి మూటగట్టుకుని, జమ్మలమడుగు వ్యవసాయ ఆఫీసులో తబితాకు విత్తనమిచ్చిన ప్రత్యూష మేడం ముందు పెట్టింది.

“ఆ గొడుగాయనకు ఇయ్యల్ల మేడం. యాడుంటాడు?”

“మీ చేను చూసి రమ్మని నేనే పంపానమ్మా. పోయిన నెల గుండెపోటుతో చనిపోయారు.”

“అయ్యో దేవా! శానా తిట్టినానే! ఆ మాటలు ఎట్ల ఎనక్కి తీసుకునేది?”

“తీసుకోవద్దు. ఆ తిట్లు అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు.”

“తిట్లు తిని మురిసిపోవడమేంది?”

ప్రత్యూష కంకుల మూటను దగ్గరికి తీసుకుంది.

“మీ గట్టు మీది పాత విత్తనాన్ని పుట్టించింది ఆయనేనమ్మా.”