మళ్లీ కుంగిన బండి

"ఇదీ నువ్వు చేసిన రిపేరు! కళ్లు పెట్టుకుని చూడు."

పెద్దాయన షెడ్డు ముందు బండి ఆపి, దిగీ దిగకముందే అందుకున్నాడు. పాత ఎస్‌యూవీ. వెనక భాగం కుంగిపోయి, ముక్కు పైకెత్తి చతికిలబడ్డ దున్నపోతులా ఉంది.

మెకానిక్ స్పానర్ కింద పెట్టి లేచాడు. పొద్దున్నుంచీ నడుము పట్టేసి ఉంది. "రండి మామయ్యగారూ, కూర్చోండి."

"ఇక్కడ మామయ్యలెవరూ లేరు. నేను కస్టమర్ని. ఆర్నెల్లలో ఇది నాలుగోసారి! వెనక ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీలు పెట్టావా, అట్టముక్కలు పెట్టావా?"

బ్రేకులు చూపిద్దామని వచ్చిన వ్యాన్ డ్రైవరొకడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "వేరే షెడ్డుకి పోవచ్చు కదండీ" అన్నాడు ఉండబట్టలేక.

"ఎందుకు పోవాలయ్యా? పాడుచేసినవాడే బాగుచెయ్యాలి!"

డ్రైవర్ ఇంకాసేపు విని, "నాకు అర్జెంటు పనుంది, రేపొస్తా" అంటూ వ్యాన్ తీసుకుని జారుకున్నాడు. రేపు రాడని మెకానిక్‌కి తెలుసు. పోయినసారి ఓ జీపువాడు కూడా ఇలాగే వెళ్లాడు. తల కొట్టేసినట్టయింది. అయినా జాకీ తెచ్చి బండి కింద పెట్టాడు.

గొడవ విని మేడ మీంచి మెకానిక్ భార్య దిగొచ్చింది. "పైకి రండి నాన్నా. ఫ్యాను కింద కూర్చుందురుగాని."

"ఈ ఇంటి గడప తొక్కనని నీ పెళ్లప్పుడే చెప్పాను. నేను బండి కోసం వచ్చాను. పని అయిపోతే పోతాను."

"సరే, ఇక్కడే కూర్చోండి." ఆమె తండ్రికో స్టూలు వేసి, ఇంకోటి లాక్కుని పక్కన కూర్చుంది.

మెకానిక్ బండి కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుని బోల్టులు విప్పుతుంటే కళ్లలో తుప్పు రాలింది. పట్టీలు ఒక్కొక్కటే ఊడదీశాడు. అన్నీ వంపు పోయి బల్లపరుపుగా ఉన్నాయి. అక్కణ్ణుంచి అతనికి కనిపిస్తున్నవి రెండు జతల కాళ్లే. ఆమె చెప్పులు, ఆయన బూట్లు.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"అబద్ధం."

"...మర్చిపోయా."

చెప్పులు టకటకా మేడెక్కి దిగొచ్చాయి. మాత్ర, మంచినీళ్లు. ఆ తర్వాత సూదీ దారం. చొక్కా గుండీ ఊడి ఎన్నాళ్లయిందని ఆమె దెబ్బలాడుతోంది. "కదలకండి, గుచ్చుకుంటుంది." ఆయన కదల్లేదు. మధ్యాహ్నం భోజనం కూడా కిందికే వచ్చింది. వద్దు వద్దంటూనే ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. షెడ్డులో తింటే గడప తొక్కినట్టు కాదట!

దిమ్మె మీద పట్టీలు పెట్టి, సుత్తితో కొట్టి, వంపు తెచ్చి, మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది. మెకానిక్ భుజాలు లాగేస్తున్నాయి. బండి మాత్రం సమంగా నిలబడింది. పెద్దాయన చుట్టూ తిరిగి, వెనక భాగాన్ని రెండు చేతులతో నొక్కి చూశాడు.

"ఈసారైనా ఉంటాయా?"

"విరగవు మామయ్యగారూ. ఆ పూచీ నాది."

"విరగడం సంగతి ఎవడడిగాడు? కుంగడం సంగతి చెప్పు."

మెకానిక్ పనిముట్లు ఏరుకుంటూ ఉండిపోయాడు.

"చేతగాని పని ఎందుకు పెట్టుకుంటారో!" పెద్దాయన విసుక్కుని, కూతురి తల నిమిరి, బండెక్కి వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా చూసి ఆమె వెనక్కి తిరిగింది. కళ్లనిండా నీళ్లు, ఆ నీళ్లలోనే కోపం.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. రాళ్లు మోసే లారీలకు మీరు కొట్టిన పట్టీలు రెండేళ్లయినా కుంగవు. మా నాన్న బండి ఒక్కటే ఎందుకిలా అవుతోంది? ఆయన మీద కక్షా?"

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"నలుగురిలో చేతగానివాడని అనిపించుకుంటున్నారు. ఉన్న గిరాకీ కాస్తా పోతోంది. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. ఒక్కసారి గట్టి పట్టీలు వేసి పడేస్తే పీడా పోతుంది కదా!"

అతను నడుం పట్టుకుని, మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

"గట్టివి వేస్తే మీ నాన్న మళ్లీ వస్తారా?"